అక్కకి ఇంటర్‌ఫెరాన్ పనిచేయలేదు, కొత్త మాత్రలకి ముందు జీన్ టెస్ట్ చేయించాలా?

గాజువాక_తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్కకి హెపటైటిస్ సి ఉంది. 1996లో కాన్పు ఆపరేషన్ అప్పుడు రక్తం ఎక్కించారు, అప్పుడే వచ్చి ఉంటుందని డాక్టర్ల అంచనా. 2011లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వారానికో పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు మొదలుపెట్టారు. 48 వారాల కోర్సు అన్నారు. బంగారం అమ్మి డబ్బు కట్టాం. ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ ఆ రాత్రంతా చలిజ్వరం, ఒళ్ళునొప్పులు. హిమోగ్లోబిన్ 8కి పడిపోతే రిబావిరిన్ తగ్గించారు. 24 వారాల దగ్గర పరీక్ష చేసి, వైరస్ అలాగే ఉంది, ఇక కొనసాగించి లాభం లేదని ఆపేశారు.

బావ ఆఫీసులో ఒకాయన ఇంచుమించు అదే రోజుల్లో, అదే డాక్టర్ దగ్గర, అవే మందులు వాడారు. ఆయనకి పూర్తిగా తగ్గిపోయింది. అక్కతో మాత్రం "మీ ఒంటికి ఈ మందు పడలేదమ్మా" అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంట్లో కొందరు సరిగ్గా మందులు వేసుకోలేదేమో అన్నారు కూడా. దగ్గరుండి చూసినవాణ్ణి, ఒక్క పూట కూడా మానలేదని నాకు తెలుసు. తర్వాత ఎంత బతిమాలినా ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఇన్నాళ్ళకి ఒప్పించాం. ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా కొత్త మాత్రలు ఇస్తామన్నారు. ఈలోగా తెలిసినవాళ్ళ ద్వారా ఒక ల్యాబ్ మనిషి కలిసి, "ముందు జీన్ ప్యానెల్ చేయించుకోండి, మీ జన్యువులకి ఏ మందు పడుతుందో తెలుస్తుంది" అంటున్నాడు. ఖర్చు చాలా ఎక్కువ. ఖర్చు కంటే అక్క టెన్షనే నాకు పెద్దది. నా ఒంట్లోనే లోపం ఉంది, ఇదీ పనిచేయదు అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఆ టెస్ట్ అవసరమా?

మహారాణిపేట_మందులషాపు:
తమ్ముడు గారూ, జీన్ సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. నేను మందుల సంగతి అడుగుతాను. అక్కగారు రోజూ ఇంకేమేం మాత్రలు వేసుకుంటున్నారు? గ్యాస్ మాత్ర, ఫిట్స్ మందు, గుండె మందు, టీబీ మందు, ఏదున్నా పేరుతో సహా రాయండి. కొత్త మాత్రల పని చెడేది ఎక్కువగా ఇలా వేరే మందులు కలిసినప్పుడే.

ఏయూ_హ్యూమన్‌జెనెటిక్స్:
నేను యూనివర్సిటీలో జన్యుశాస్త్రం చదువుతున్నాను, డాక్టర్‌ని కాను. కానీ మీ అక్కగారి విషయంలో జరిగినదానికి సైన్సులో స్పష్టమైన సమాధానం ఉంది. అది ఆవిడకి తెలియాలి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని నేరుగా చంపదు. మన కాలేయ కణాలకి కబురు పంపుతుంది, ఆ కణాలు వందల జన్యువులని పనిలోకి దింపి వైరస్‌తో పోరాడాలి. అంటే ఆ మందు పనిచేయాలంటే రోగి ఒంట్లోని యంత్రాంగం బదులు పలకాలి. 2009లో అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ బృందాలు వేర్వేరుగా రోగుల జన్యుపటాలు వెతికి ఒకే చోటికి చేరాయి. 19వ క్రోమోజోమ్ మీద ఐఎల్28బి అనే జన్యువు పక్కన డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా, కొందరికి సీ, కొందరికి టీ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కాబట్టి సీసీ, సీటీ, టీటీ అని మూడు రకాల మనుషులు. హెపటైటిస్ సి వైరస్‌లో 1వ రకం ఉన్నవాళ్ళలో, సీసీ అయితే ఇంటర్‌ఫెరాన్‌తో నయమయ్యే అవకాశం టీటీ వాళ్ళతో పోలిస్తే దాదాపు రెండింతలు. తూర్పు ఆసియా వాళ్ళకి ఈ చికిత్స మిగతావాళ్ళ కంటే బాగా పనిచేస్తోందని డాక్టర్లు ముందు నుంచీ గమనించేవారు. అక్కడ సీ అక్షరం చాలా ఎక్కువమందిలో ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం అని తేలింది.

2013లో ఇంకా లోతుకి వెళ్ళారు. ఆ పక్కనే ఐఎఫ్ఎన్ఎల్4 అనే మరో జన్యువు దొరికింది. కొందరిలో అది ఒక ప్రోటీన్‌ని తయారుచేస్తుంది, కొందరిలో చేయలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రోటీన్ తయారయ్యేవాళ్ళకే వైరస్ పోవడం కష్టం. వాళ్ళ కాలేయంలో ఇంటర్‌ఫెరాన్‌కి లోబడే జన్యువులు చికిత్సకి ముందే సగం మేల్కొని ఉంటాయి. ఎప్పుడూ మోగుతూనే ఉన్న కాలింగ్ బెల్‌ని బయట నుంచి మళ్ళీ నొక్కితే లోపలివాళ్ళకి కొత్తగా ఏం వినిపిస్తుంది? మందు ఇంజెక్షన్ ఇచ్చినా అంతే.

కాబట్టి అదే మందు ఆ ఆఫీసు ఆయనకి పనిచేసి అక్కగారికి పనిచేయకపోవడానికి పుట్టుకతో వచ్చిన ఇలాంటి తేడా కారణమై ఉండొచ్చు. అది లోపం కాదు. టీ అక్షరం ఉన్నవాళ్ళు ప్రపంచంలో కోట్లమంది.

విశ్రాంత_వైద్యుడు_ఎంవీపీ:
బాబూ, రక్తాన్ని హెపటైటిస్ సి కోసం పరీక్షించాకే ఎక్కించాలనే నిబంధన మన దేశంలో 2001లో వచ్చింది. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతోమంది ఉన్నారు. చాలామందికి తమకి జబ్బు ఉందనే తెలియదు. మీరు ఈ విషయం రాసినందుకు వాళ్ళెవరైనా పరీక్ష చేయించుకుంటే మంచిది.

చెల్లెమ్మ హిమోగ్లోబిన్ పడిపోవడం గురించి. రిబావిరిన్ ఎర్ర రక్తకణాల్లో పేరుకుని వాటిని పగలగొడుతుంది. ఐటీపీఏ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా పనిచేసే కొందరికి ఈ రక్తహీనత రాదు, లేదా తక్కువగా వస్తుంది. 2010లో బయటపడిన విషయం ఇది. మామూలు ఎంజైమ్ ఉన్న మనబోటి వాళ్ళకే హిమోగ్లోబిన్ పడుతుంది. ఇక్కడ కూడా ఆవిడ ఒంట్లో తప్పేమీ లేదు.

అయితే ఒక మాట. చికిత్స విఫలమైనప్పుడల్లా జన్యువుల మీదకి తోసేయకూడదు. నా సర్వీసులో వైరస్ మందులు ఫెయిలవడానికి ఎక్కువసార్లు చూసిన కారణం మాత్రలు మధ్యలో మానేయడమే. ముందు అది అడగాలి, తర్వాత మిగతావి.

పేరు_వద్దు:
డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఆ ప్రశ్న మాకు ముందే వేస్తారు, దాంతోనే ఆగిపోతారు. నేను హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. మొదట్లో ఎఫవిరెంజ్ 600 ఉన్న మాత్ర ఇచ్చారు, రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. వేసుకున్న గంటకి గది తిరిగేది. నిద్రలో కలలు, కలలు కూడా కావు, నిజంగా ఎవరో వచ్చి మంచం పక్కన కూర్చున్నట్టు. పొద్దున్న లేచాక మధ్యాహ్నం దాకా మత్తు. పోర్టులో కాంట్రాక్టు పని, క్రేన్ల కింద నడవాలి. చెబితే "జబ్బు గురించిన భయం, అలవాటైపోతుంది" అన్నారు. నాతో పాటు మొదలుపెట్టిన మరొకతను హాయిగా నిద్రపోయేవాడు. అందువల్ల నాదే మనోబలం తక్కువని నేనూ అనుకున్నాను. రక్తంలో మందు ఎంత ఉందో ఒక్కసారి కూడా ఎవరూ చూడలేదు. ఒక్క మాత్ర మానకుండానే ఆ నరకం అనుభవించాను.

తర్వాత డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రకి మార్చారు. వారం తిరక్కుండా మామూలు మనిషినయ్యాను.

ఏయూ_హ్యూమన్‌జెనెటిక్స్:
పేరు వద్దు గారూ, మీది భయం కాదు. ఎఫవిరెంజ్‌ని కాలేయంలో సీవైపీ2బీ6 అనే ఎంజైమ్ విరిచేస్తుంది. ఆ జన్యువులో 516వ స్థానంలో జీ బదులు టీ ఉంటే ఎంజైమ్ నెమ్మదిస్తుంది. రెండు కాపీలూ టీ అయితే అదే 600 మిల్లీగ్రాముల మాత్రతో రక్తంలో మందు కొన్ని రెట్లు ఎక్కువగా నిలుస్తుంది. తలతిరగడం, విపరీతమైన కలలు దాని పర్యవసానమే. 2004 నుంచే ఈ సంబంధం పరిశోధన పత్రాల్లో ఉంది. దక్షిణ భారత రోగుల మీదే చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం వాళ్ళు చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఎఫవిరెంజ్‌ని బాగా తగ్గించేస్తుందని అందరూ భయపడేవారు. అందులో తేలిందేమిటంటే, రక్తంలో మందు స్థాయిని నిర్ణయించినది రిఫాంపిసిన్ కంటే ఈ జన్యు తేడానే. మన జనాభాలో టీటీ ఉన్నవాళ్ళు అరుదు కాదు.

400 మిల్లీగ్రాములు కూడా సరిపోతాయని 2014లో ఒక పెద్ద ట్రయల్ చూపించింది. మీకు టెస్ట్ చేయలేదు కాబట్టి మీది ఖచ్చితంగా టీటీయే అని నేను అనలేను, లక్షణాలు మాత్రం అచ్చంగా అవే.

విశ్రాంత_వైద్యుడు_ఎంవీపీ:
పేరు వద్దు గారికి: మీరు చెప్పింది విన్నాను. మాత్రలు వేసుకున్నారా అని అడగడం ఒక వైపు. వేసుకుంటే ఒంట్లో ఏం జరుగుతోంది అని అడగడం రెండో వైపు. రెండోది అడగకుండా మొదటిది అడిగితే అది నింద అవుతుంది. మందు తట్టుకోలేక మానేసినవాళ్ళలో చాలామంది ఇలాంటి నెమ్మది ఎంజైమ్ వాళ్ళే అయి ఉంటారు. అంటే మానేయడానికి కూడా జన్యువులకి సంబంధం ఉందన్నమాట. ఇది డాక్టర్లందరూ గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం.

చదువుతున్న మిగతావాళ్ళకి: ఇలాంటి ఇబ్బందులుంటే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పి మార్పించుకోండి. సొంతంగా ఆపితే వైరస్ నిరోధకత తెచ్చుకుంటుంది. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది.

పరవాడ_కెమిస్ట్:
ఫార్మా సిటీలో పనిచేస్తాను. అసలు ప్రశ్నకి వస్తాను. 2011లో అక్కగారికి ఇచ్చినదానికీ, ఇప్పుడు ఇవ్వబోయేదానికీ పోలికే లేదు. కొత్త మాత్రల్లోని సోఫోస్బువిర్ వైరస్ మీద నేరుగా పనిచేస్తుంది. వైరస్ తన కాపీలు తీసుకోవడానికి వాడే ఎన్ఎస్5బి అనే ఎంజైమ్‌కి ఇది నకిలీ అక్షరంగా దొరుకుతుంది. ఆ అక్షరం కలిసిన చోట గొలుసు తెగిపోతుంది, కాపీ పూర్తికాదు. దానితో కలిపి ఇచ్చే డక్లాటాస్‌విర్, వెల్పాటాస్‌విర్ అయితే ఎన్ఎస్5ఎ అనే ఇంకో భాగాన్ని పట్టుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్ లాగా రోగి కణాలు బదులు పలికే దాకా ఎదురుచూడక్కర్లేదు. అందుకే పాత చికిత్సలో అంత పెద్ద తేడా చూపించిన ఐఎల్28బి ఈ మాత్రల దగ్గర దాదాపు లెక్కలోకి రాదు. 12 వారాల్లో నూటికి 95 మంది దాకా నయమవుతున్నారు, ఇంటర్‌ఫెరాన్ ఫెయిలైనవాళ్ళతో సహా.

ధర మాట కూడా చెప్పాలి. 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర 1,000 డాలర్లు, కోర్సుకి 84,000 డాలర్లు. 2015లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 28 మాత్రల సీసాని 19,900 రూపాయలకి తెచ్చింది. 2018 జులై 28 నుంచి జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం. ఈ మాత్రలు తెలుగు నేల మీద తయారై మన రోగులకి ఊరికే అందుతున్నాయంటే ఈ రంగంలో ఉన్నవాడిగా నాకు చాలా గర్వం. అక్కగారిని ఈసారి ధైర్యంగా వెళ్ళమనండి.

గాజువాక_తమ్ముడు:
మీ అందరి పోస్టులూ అక్కకి చదివి వినిపించాను. కాలింగ్ బెల్ సంగతి రెండుసార్లు చదివించుకుంది. అయితే ఆ ల్యాబ్ ప్యానెల్ వద్దనేనా?

ఏయూ_హ్యూమన్‌జెనెటిక్స్:
ఈ నిర్ణయానికి వద్దు. ఐఎల్28బి ఫలితం ఏదొచ్చినా డాక్టర్ ఇచ్చే మాత్ర మారదు. చికిత్సని మార్చని టెస్టుకి డబ్బు పెట్టడం దండగ. అందులో టీటీ అని వస్తే అక్కగారి టెన్షన్ ఇంకా పెరుగుతుంది, అదీ అనవసరంగా. ఈసారి చూడాల్సింది అక్కగారి జన్యువులని కాదు, వైరస్ జన్యువులని. 3వ రకం వైరస్ అయి, కాలేయ జబ్బు ముదిరి సిర్రోసిస్ (కాలేయం గట్టిపడటం) ఉంటే, వైరస్‌లో వై93హెచ్ అనే మార్పు వల్ల డక్లాటాస్‌విర్ బలం తగ్గుతుంది. మన దేశంలో 3వ రకమే ఎక్కువ. పాత కాగితాల్లో ఏ రకమని ఉందో చూడండి.

పెందుర్తి_పిన్ని:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా దగ్గర పెరుగుతున్న పాపకి హెచ్ఐవీ మందుల్లో అబకావిర్ ఉంది. దాని వల్ల ప్రాణం మీదకి వస్తుందని ఎవరో అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అది కూడా జన్యువుల వల్లేనా? పాప ఈ మందు మొదలుపెట్టి ఏడాది దాటింది.

విశ్రాంత_వైద్యుడు_ఎంవీపీ:
అమ్మా, ముందు ధైర్యంగా ఉండు. ఏడాది దాటి పాప బాగుందంటే నువ్వు భయపడే ప్రమాదం దాదాపు దాటిపోయినట్టే. ఆ రియాక్షన్ చాలావరకు మొదటి ఆరు వారాల్లోనే వస్తుంది.

అందరి కోసం వివరంగా చెబుతాను. జన్యు పరీక్ష నిజంగా ప్రాణం కాపాడే చోటు ఇదే. హెచ్ఎల్ఏ-బి 57:01 అనే జన్యు రకం ఉన్నవాళ్ళలో అబకావిర్ వెళ్ళి ఆ జన్యువు చేసే ప్రోటీన్ గాడిలో కూర్చుంటుంది. దాంతో సొంత కణాలే పరాయివిగా కనిపించి రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడుతుంది. జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు, ఆయాసం. మందు వేసుకున్నకొద్దీ పెరుగుతాయి, ఆపితే తగ్గుతాయి. తగ్గింది కదా అని మళ్ళీ మొదలుపెడితే గంటల్లో ప్రాణం పోవచ్చు. 2008లో వచ్చిన ప్రెడిక్ట్-1 ట్రయల్‌లో 19 దేశాల నుంచి దాదాపు 2,000 మంది పాల్గొన్నారు. ముందుగా ఈ జన్యువు చూసి, ఉన్నవాళ్ళకి మందు ఇవ్వకుండా వదిలేసిన గుంపులో చర్మ పరీక్షతో రుజువైన రియాక్షన్ ఒక్కటి కూడా లేదు. చూడకుండా ఇచ్చిన గుంపులో 2.7 శాతం. వైద్యంలో ఇంత స్పష్టమైన జవాబు అరుదుగా దొరుకుతుంది.

మన దేశంలో ఈ రకం ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు, కానీ టెస్ట్ అన్నిచోట్లా అందదు. అందుకే కొత్తగా మొదలుపెట్టే ప్రతి బిడ్డ తల్లికీ ఆ లక్షణాలు కాగితం మీద రాసి ఇవ్వాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క టెస్ట్ మాత్రం ప్రభుత్వమే ఉచితంగా చేయాలి. పాప రియాక్షన్ లేకుండా వాడుతోంది కాబట్టి డోసులు మధ్యలో ఆగకుండా చూసుకో అమ్మా.

పెందుర్తి_పిన్ని:
మీ మేలు మరిచిపోను డాక్టర్ గారూ.

పేరు_వద్దు:
నా స్నేహితుడికి హెచ్ఐవీ రెండో వరస మందుల్లో అటజనావిర్ ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. కామెర్లని ఊళ్ళో పసరు పోయించుకున్నాడు. ఇదీ ఇలాంటిదేనా?

మహారాణిపేట_మందులషాపు:
చాలావరకు ఇలాంటిదే. కళ్ళని పచ్చబరిచే బిలిరుబిన్‌ని బయటికి పంపే యూజీటీ1ఏ1 ఎంజైమ్‌ని అటజనావిర్ అడ్డుకుంటుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి కళ్ళు ఇంకా పచ్చబడతాయి. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కటే పెరిగితే కాలేయం దెబ్బతిన్నట్టు కాదు. కానీ ఆ సంగతి రక్తపరీక్షే చెప్పాలి. పసరు మాత్రం వెంటనే ఆపించండి. కొన్ని ఆకుమందులు కాలేయాన్ని నిజంగానే పాడుచేస్తాయి.

సీతమ్మధార_రాజు:
ఒక సందేహం. మనలో మేనరికాలు, కులంలోనే పెళ్ళిళ్ళు తరతరాలుగా ఉన్నాయి కదా. విదేశాల్లో లెక్కలు మనకి వర్తిస్తాయా?

ఏయూ_హ్యూమన్‌జెనెటిక్స్:
చాలా మంచి ప్రశ్న. నేను ఈ చదువులోకి రావడానికి కారణం కూడా ఇదే. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగాయని, అందువల్ల కొన్ని జన్యు తేడాలు ఒక్కో సమూహంలో బాగా పేరుకున్నాయని చూపించాయి. మందులకి సంబంధించి బాగా తెలిసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక కండరాల మందు వాళ్ళలో కొందరికి చాలాసేపు వదలదు. మత్తు డాక్టర్లకి ఇది తెలుసు.

వైరస్ మందుల విషయంలో మనకి ఇంత వివరంగా లెక్కలు కావాలి. "భారతీయులు" అని ఒకే గంపలో వేసిన సగటు మన ఏజెన్సీలోని గిరిజన గూడేనికీ, తీరంలోని మత్స్యకారుల పల్లెకీ ఒకేలా సరిపోదు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది జన్యుపటాలు తీసి 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చింది. ఆ సమాచారాన్ని మన ఆసుపత్రుల మందుల చీటీల దాకా తీసుకురావడం మా తరం చేయాల్సిన పని.

గాజువాక_తమ్ముడు:
పాత ఫైలు దొరికింది. వైరస్ 1వ రకం. ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేశారు. సిర్రోసిస్ ఉంది కానీ పొట్టలో నీరు, రక్తపు వాంతులు లాంటివేమీ లేవు. సోఫోస్బువిర్, వెల్పాటాస్‌విర్ కలిపిన మాత్ర 12 వారాలు రాశారు. అక్క అడగమన్నది ఒక్కటే: మళ్ళీ రిబావిరిన్ ఇస్తారా? అదైతే తన వల్ల కాదంటోంది. ఇంకో సంగతి, రోజూ పొద్దున్నే పాంటోప్రజోల్ వేసుకుంటుంది, బీపీ మాత్ర ఆమ్లోడిపిన్.

విశ్రాంత_వైద్యుడు_ఎంవీపీ:
కాలేయం ఇంకా పని నెట్టుకొస్తున్న దశలో రిబావిరిన్ అక్కర్లేదు. పొట్టలో నీరు చేరే దశకి వెళ్తేనే కలుపుతారు. అప్పుడు కూడా తట్టుకోలేనివాళ్ళకి అది లేకుండా 24 వారాలు ఇచ్చే మార్గం ఉంది. 2011లో హిమోగ్లోబిన్ 8కి పడిందని మాత్రం కొత్త డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. హెపటైటిస్ బి పరీక్ష చేశారా? చేయకపోతే మొదటి మాత్రకి ముందే అడగండి. సి వైరస్ పోతుంటే అణిగి ఉన్న బి వైరస్ లేచే ప్రమాదం ఉంది.

మాత్రలు అయిపోయిన 12 వారాలకి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) చూస్తారు. అప్పుడు వైరస్ కనిపించకపోతే నయమైనట్టు. కానీ సిర్రోసిస్ ఉంది కాబట్టి ఆ తర్వాత కూడా ఆరు నెలలకోసారి కాలేయం స్కానింగ్ మానకూడదు.

మహారాణిపేట_మందులషాపు:
ఆమ్లోడిపిన్‌తో ఇబ్బంది లేదు. పాంటోప్రజోల్ గురించే నా భయం. వెల్పాటాస్‌విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆ గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించి, మందు ఒంటికి సరిగ్గా పట్టకుండా చేస్తుంది. డాక్టర్‌ని అడిగి ఈ 12 వారాలూ ఆపగలిగితే మంచిది. మంటకి యాంటాసిడ్ సిరప్ తాగితే ఈ మాత్రకీ దానికీ నాలుగు గంటల తేడా ఉండాలి.

గాజువాక_తమ్ముడు:
హెపటైటిస్ బి చేయలేదట. మంగళవారం ఓపీకి వెళ్తున్నాం, ఆ పరీక్ష, గ్యాస్ మాత్ర, హిమోగ్లోబిన్ మూడూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ల్యాబ్ మనిషికి వద్దని చెప్పేశాను. వైరల్ లోడ్ రిపోర్టు వచ్చాక ఇక్కడే పెడతాను.